ఒకే పల్ప్, రెండు మీటర్లు, 4 డిగ్రీల తేడా: దేన్ని నమ్మాలి?

#1 పల్పుబాబు_చిత్తూరు
మాది మామిడి పల్ప్ ఫ్యాక్టరీ. సీజన్ మధ్యలో ఉన్నాం. గేటు బయట బెంగళూరా కాయల ట్రాక్టర్లు వరసగట్టి నిలబడినాయి. నేను ఇన్‌స్ట్రుమెంట్ చూసేవాణ్ణి, నాకు తోడు ఒక ఎలక్ట్రీషియన్, అంతే.

హీటర్ నుంచి పల్ప్ బయటికి వచ్చేచోట ఒక పీటీ100 (వేడి కొలిచే సెన్సర్) ఉంది, దాన్ని టీటీ-1 అనుకోండి. స్టీమ్ వాల్వ్ దీని మాట వింటుంది. అక్కణ్ణించి 28 మీటర్ల హోల్డింగ్ ట్యూబ్, పల్ప్ కాసేపు వేడిలో ఉండే పైపు. దాని చివర ఇంకో పీటీ100, టీటీ-2. ఇది 92 కంటే దిగితే డైవర్షన్ వాల్వ్ తిరిగి, పల్ప్ మళ్లీ వెనక ట్యాంకుకే పోతుంది.

పోయిన సీజన్‌లో రెండింటికీ తేడా 2 డిగ్రీల లోపే. ఈసారి మొదటిరోజు నుంచీ టీటీ-1 లో 95.2, టీటీ-2 లో 91.0. వాల్వ్ ఊరికే తిరుగుతా ఉంది. తిరిగిన పల్పే మళ్లీ ఉడికి రంగు మారుతోంది, ల్యాబ్ వాళ్లు మా మీద పడుతున్నారు. ఆపరేటర్లు సెట్ పాయింట్ (టీటీ-1 ఎంత చూపాలో పెట్టే అంకె) 97 కు ఎక్కించి నెట్టుకొస్తున్నారు.

మేనేజర్ ఏమంటాడంటే, టీటీ-2 పాతబడింది, పీఎల్‌సీలో (ప్లాంటు నడిపే కంప్యూటర్‌లో) దానికి 4 డిగ్రీలు కలిపేయి, పని జరగనీ అని. నాకు చెయ్యి రావడం లేదు. ఏం చెయ్యమంటారు?

#2 పీఎల్సీ_మావయ్య
కలిపేయ్. సీజన్ అయ్యాక తీరిగ్గా చూసుకో. ట్రాక్టర్లో కాయ కుళ్లితే నీ మేనేజర్ ఊరుకుంటాడా?

#3 క్యాలిబ్రేషన్_అక్క
కలపొద్దు. టీటీ-2 తప్పు చెప్తోందని ఎవరు తేల్చారు? రెండు గడియారాలు రెండు టైములు చూపిస్తే రెండోదాన్ని తిప్పేస్తామా?

#4 పీఎల్సీ_మావయ్య
అక్కా, మీ ల్యాబ్ సర్టిఫికెట్లోనే "కరెక్షన్ మైనస్ 0.3" అని రాసిస్తారు కదా. దాన్ని మేం పీఎల్‌సీలో ఎక్కిస్తాం. అది ఆఫ్‌సెట్ (కలిపే దిద్దుబాటు అంకె) కాక మరేంటి?

#5 క్యాలిబ్రేషన్_అక్క
అది వేరు, ఇది వేరు. నేను మీ సెన్సర్‌ని నా బాత్‌లో (ఒకే వేడిలో ఉంచే ద్రవపు తొట్టిలో) పెట్టి, దానికన్నా మంచి థర్మామీటర్ పక్కన పెట్టి చూసి రాస్తాను. ఆ 0.3 సెన్సర్ తప్పు. ఇక్కడ 4 డిగ్రీల్లో సెన్సర్‌ది ఎంత, కేబుల్‌ది ఎంత, పెట్టిన చోటు వల్ల ఎంత, పల్ప్ నిజంగా చల్లారింది ఎంత, ఎవరికీ తెలీదు. అన్నీ కలిపి ఒక్క అంకెతో తుడిచేస్తే రేపు వాటిలో ఒకటి మారినా మీకు కనపడదు.

బాబూ, పీటీ100 క్లాస్ బీ అయినా 95 దగ్గర దాని టాలరెన్స్ (ఒప్పుకునే తేడా) ముప్పావు డిగ్రీ అటూ ఇటూ. క్లాస్ ఏ అయితే 0.35 కూడా ఉండదు. మంచి సెన్సర్ ఉన్నట్టుండి 4 డిగ్రీలు తప్పదు. తప్పిందంటే చుట్టుపక్కల ఏదో జరిగింది. ఆఫ్ సీజన్లో ఏం ముట్టుకున్నారు?

#6 ఆర్టీడీ_రాజు
ఎన్ని వైర్లు?

#7 పల్పుబాబు_చిత్తూరు
రెండూ 3-వైర్. ఆఫ్ సీజన్లో కంట్రోల్ ప్యానెల్‌ని తడి తగలకుండా కొత్త గదిలోకి మార్చినారు. టీటీ-2 కు పాత కేబులే సరిపోయింది. టీటీ-1 కు అందక కొత్తది లాగినారు, 38 మీటర్లు ఉంటుంది. ఆ పని కాంట్రాక్టర్ మనుషులు చేసినారు, నేను అప్పుడు లీవులో ఉన్నా.

#8 ఆర్టీడీ_రాజు
హా. దొంగ దొరికిండు అనిపిస్తున్నది.

#9 కొత్త_ట్రైనీ_2
డిప్లొమా చివరి సంవత్సరం, తెలీక అడుగుతున్నా. కేబుల్ పొడవైతే టెంపరేచర్ ఎందుకు మారుతుంది?

#10 ఆర్టీడీ_రాజు
తమ్మీ, పీటీ100 అంటే ప్లాటినం తీగ. 0 డిగ్రీల దగ్గర 100 ఓములు, 100 డిగ్రీలకు 138.51. అంటే డిగ్రీకి 0.385 ఓము లెక్క. మీటరు కొలిచేది టెంపరేచర్ కాదు, ఓములు. దారిలో రాగి తీగ ఓములు కూడా కలిస్తే "ఓహో, వేడి పెరిగింది" అనుకుంటది పాపం. మూడో వైరు ఉన్నది ఎందుకంటే, ఆ రాగి ఓములెంతనో కొలుచుకొని తీసేయనీకి.

ఇప్పుడు లెక్క చూడు. 1.5 స్క్వేర్ (చదరపు మి.మీ.) రాగి కేబుల్ కిలోమీటరుకు సుమారు 12 ఓములు. 38 మీటర్లు పోను, 38 రాను, మొత్తం 76. ఓము కంటే కొంచెం తక్కువ, 0.92. దాన్ని 0.385 తోని భాగిస్తే 2.4 డిగ్రీలు. కాంట్రాక్టర్ దగ్గర 2-కోర్ కేబులే ఉండి, ప్యానెల్ దగ్గర మూడో టెర్మినల్‌కు చిన్న జంపర్ (కలిపే తీగ ముక్క) కొట్టి పోయిండనుకో, టీటీ-1 ఎప్పటికీ 2.4 ఎక్కువ చూపిస్తది.

#11 పీఎల్సీ_మావయ్య
ఆగు ఆగు. అంటే తక్కువ చూపేది తప్పు కాదు, ఎక్కువ చూపేదే తప్పంటావా?

#12 ఆర్టీడీ_రాజు
గంతే. కేబుల్ ఓములు ఎప్పుడూ కలుస్తయ్, తగ్గవు.

#13 క్యాలిబ్రేషన్_అక్క
రాజు చెప్పింది నిజమైతే ఈ మేనేజర్ గారి 4 డిగ్రీల సంగతి ఒకసారి ఊహించండి. స్టీమ్ వాల్వ్ నమ్మేది టీటీ-1 ని. అది 95 అన్నప్పుడు పల్ప్ అసలు 92.6. కాపలా ఉన్నది టీటీ-2 ఒక్కటే, దానికీ 4 కలిపేస్తే పల్ప్ 89 కి దిగినా "92, బాగుంది" అని వాల్వ్ తెరిచే ఉంచుతుంది. దొంగను వదిలేసి కుక్కను కట్టేసినట్టు.

#14 పీఎల్సీ_మావయ్య
సరే, #2 వెనక్కి తీసుకుంటున్నా. కానీ 2.4 పోను ఇంకా 1.8 మిగిలింది. అది ఎక్కడిది?

#15 పాలకేంద్రం_సీను
ఆ 1.8 కి నా దగ్గర కథ ఉంది. మాది పాల డెయిరీ. పాశ్చరైజర్‌లో 72 డిగ్రీలు, 15 సెకన్లు, ఇది మాకు గాయత్రీ మంత్రం. ఒకసారి హోల్డింగ్ ట్యూబ్ చివరి పాకెట్‌లో (సెన్సర్ దూర్చే మూసిన గొట్టంలో) సెన్సర్ పోయింది. స్టోరులో ఉన్నది పెట్టేశారు. పాకెట్ లోతు 100 మి.మీ., పెట్టిన ప్రోబు 75. కొన పాకెట్ అడుక్కి తగలక, మధ్యలో గాలి. అది 69, 70 చూపిస్తుంటే వేడినీళ్లు పెంచుకుంటూ పోయారు. మూడు రోజులు పాలకు కాగిన వాసన. పాల ప్యాకెట్లు వేసే ఏజెంట్లు "ఏవండీ, మీరు పాలు మాడబెట్టి పంపుతున్నారా" అని ఫోన్లు. చివరికి ప్రోబు బయటికి లాగి స్కేలుతో కొలిస్తే బయటపడింది.

పల్పుబాబు గారూ, మీ టీటీ-2 ప్రోబు ఎంత పొడవు? ఎలా కూర్చుంది? ఫొటో కాకపోతే మాటల్లో చెప్పండి.

#16 ట్యాంకర్_నాగులు
మధ్యలో దూరుతున్నా, కోపం వద్దు. డీజిల్ ట్యాంకర్ తోలతా. మాకు కూడా ఈ టెంపరేచర్ గోలే. 12,000 లీటర్లు మధ్యాహ్నం ఎండలో లోడ్ చేసి, తెల్లారుజామున బంకులో డిప్పు (కొలకర్ర) వేస్తే తగ్గుతుంది. డ్రైవర్ కొట్టేశాడని మాట మాకు.

#17 విశాఖ_లూప్‌చెక్
నాగులూ, నువ్వు దొంగవి కాదురా నాయనా. డీజిల్ డిగ్రీకి వెయ్యిలో 0.8 వంతు కుంచించుకుంటాది. 10 డిగ్రీలు చల్లబడితే 12,000 లీటర్లకి 100 లీటర్లు అలా మాయమైపోతాది. పెట్రోలైతే ఇంకా ఎక్కువ. అందుకే బంకులో డెన్సిటీని 15 డిగ్రీలకి మార్చి చూస్తారు. చలానా మీద 15 డిగ్రీల డెన్సిటీ ఉంటాది, బంకాయన చేత అది సరిచూపించు, తర్వాత మాట అననీ.

మా రిఫైనరీ వైపు ఒక్క డిగ్రీ తప్పంటే లైనులో పోయే సరుకు లెక్క మొత్తం తప్పు. మామిడి వాళ్లకి రుచి, మాకు డబ్బు.

#18 ట్యాంకర్_నాగులు
చల్లగుండు అన్నా. మా ఓనరుకి చదివి వినిపిస్తా. "చల్లగుండు" అంటే కూడా తగ్గిపోతావేమో 😀

#19 పల్పుబాబు_చిత్తూరు
#15 కు: టీటీ-2 పాకెట్ లేకుండా నేరుగా పల్ప్‌లోనే ఉంటుంది, టీసీ క్లాంప్‌తో (విప్పి బిగించే పట్టీ). పైపు రెండున్నర అంగుళాలు. పైపు మీద ఒక టీ జాయింట్ పెట్టి, ఆ టీ పై మూతలో ప్రోబు బిగించినారు. ప్రోబు 50 మి.మీ. టీ మెడే 40 ఉంటుంది. అంటే... ఇప్పుడు రాస్తుంటే నాకే అర్థమవుతా ఉంది. లోపలికి దిగేది 10 మి.మీ. అంతే కదా?

#20 పాలకేంద్రం_సీను
అయిపోయింది. మీ ప్రోబు పల్ప్‌ని కాదు, టీ మెడలో ఇరుక్కుని కూర్చున్న నిన్నటి పల్ప్‌ని కొలుస్తోంది.

#21 క్యాలిబ్రేషన్_అక్క
పైగా ప్రోబు స్టీల్ కాడ వెంట వేడి బయటికి పారిపోతూ ఉంటుంది. కొన దగ్గర కనీసం కాడ లావుకి పది రెట్లైనా ద్రవంలో మునగాలని అంటాం. 6 మి.మీ. ప్రోబైతే 60 మి.మీ. మునగాలి. మీది 10. తలకాయ ఏసీ గాలిలో, కొన పల్ప్‌లో అన్నమాట.

#22 జుబైల్_బావ
20 ఏళ్లుగా గల్ఫ్‌లో ఇదే పని. రెండున్నర అంగుళాల పైపులో 60 మి.మీ. అడ్డంగా ముంచడం కుదరదు, అవతలి గోడకు గుద్దుకుంటుంది. అందుకని బెండు దగ్గర పెట్టండి. పైపు తిరిగే చోట, ప్రోబు పైపు మధ్యగీత వెంట, ప్రవాహానికి ఎదురు చూసేలాగ. ఎంత పొడవు కావాలన్నా మునుగుతుంది, సరుకు ఎక్కడా నిలవదు. చిన్న పైపులన్నిటికీ మేం చేసేది అదే.

#23 పీఎల్సీ_మావయ్య
అంత కటింగు వెల్డింగు ఎందుకు? పైపు పైన క్లాంప్ సెన్సర్ కట్టి, పైన లగ్గింగ్ (వేడి పోకుండా చుట్టే పొర) చుడితే పోలా?

#24 జుబైల్_బావ
నీళ్లకి, పెట్రోలుకి పర్లేదు. ఊరూరా పోయే క్రాస్ కంట్రీ లైన్లలో మేం పైపు మీదే పెడతాం. లోపల పిగ్ పరిగెడుతుంది కాబట్టి థర్మోవెల్ (సీను చెప్పిన పాకెట్ లాంటిదే) అడ్డంగా పొడుచుకుని ఉండకూడదు, ఉంటే పిగ్గో వెల్లో ఒకటి పోతుంది. కానీ పల్ప్ అలాంటిది కాదు బావా. గోడ దగ్గర ఒక టెంపరేచర్, మధ్యలో ఒకటి.

#25 కొత్త_ట్రైనీ_2
పిగ్ అంటే నిజంగా పందా సార్?

#26 విశాఖ_లూప్‌చెక్
కాదురా బాబూ 😂 పైపు లోపల నూకుతూ పోయే శుభ్రం చేసే ముద్ద. ఇక్కడి నుంచి విజయవాడ మీదుగా సికింద్రాబాద్ పోయే ప్రొడక్ట్ లైన్‌లో అలాంటివే పరిగెడతాయి. పంది మాంసం రేటు అడక్కు.

#27 స్టీమ్‌టేబుల్
#24 లో బావ చెప్పిన "గోడ దగ్గర ఒకటి, మధ్యలో ఒకటి" అన్నదాన్ని అంత తేలిగ్గా వదిలేయకండి, ఇక్కడ అసలు కీలకం అదే.

నీళ్లు పైపులో సుళ్లు తిరుగుతూ పోతాయి, ఎక్కడ ముంచినా దాదాపు ఒకే వేడి. పల్ప్ చిక్కన. సుళ్లు ఉండవు, పొరలు పొరలుగా జారుతుంది. మధ్య పొర గబగబా, గోడ పొర నత్తలా. హీటర్‌లో గోడ కాలుతుంది, కాబట్టి గోడ పొర వేడి, మధ్య చల్లన. హోల్డింగ్ ట్యూబ్‌కి వచ్చాక తిరగబడుతుంది. బయట గాలి తగిలి గోడ పొర చల్లన, మధ్య వేడి. 10 మి.మీ. మాత్రమే దిగిన ప్రోబు గోడ పొర దగ్గరే ఆగిపోతుంది. పాపం తక్కువ చూపించక ఏం చేస్తుంది?

పల్పుబాబు, గంటకు ఎంత పల్ప్? ట్యూబ్‌కు లగ్గింగ్ ఉందా?

#28 పల్పుబాబు_చిత్తూరు
గంటకు 5 టన్నులు. లగ్గింగ్ లేదు, ఒట్టి స్టీల్ పైపే. పైన షెడ్డు ఫ్యాన్లు.

#29 స్టీమ్‌టేబుల్
పైపు బయటి ఒళ్లు ఐదున్నర చదరపు మీటర్లకు కొంచెం పైన. 92 డిగ్రీల ఒట్టి పైపు, షెడ్డులో 32. సుమారు మూడున్నర, నాలుగు కిలోవాట్లు గాలికి పోతాయి. 5 టన్నుల పల్ప్‌ని ఒక డిగ్రీ దించాలంటే 5 కిలోవాట్లు కావాలి. అంటే ట్యూబ్‌లో నిజంగా చల్లారేది 0.7 డిగ్రీ. చేతిలెక్క, అటూ ఇటూ ఉంటుంది.

ఇప్పుడు కూడిక చూడండి. కేబుల్ 2.4, నిజంగా చల్లారింది 0.7, మిగిలిన 1.1 టీటీ-2 మెడది. మొత్తం 4.2. 95.2 లోంచి 91.0 తీసేస్తే ఎంత?

#30 పీఎల్సీ_మావయ్య
4.2. నాకు ఒళ్లు జలదరించింది.

#31 క్యాలిబ్రేషన్_అక్క
అంత అందంగా కుదిరితే నాకు అనుమానం. కాగితం మీద కుదరడం కాదు, కొలవండి. బాబూ, సీఐపీకి (పైపులు విప్పకుండా లోపల కడగడానికి) ఎలాగూ ప్లాంటు ఆపుతారు. అప్పుడు ఈ పని చెయ్యి.

థర్మాస్ ఫ్లాస్క్ తెచ్చుకో. ఐస్‌ని గుడ్డలో వేసి మెత్తగా కొట్టు. ఫ్లాస్క్ నిండా ఐస్ నింపి, సందుల్లో నీళ్లు పొయ్యి. నీళ్లలో ఐస్ ముక్కలు తేలడం కాదు, ఐస్‌లో నీళ్లు ఉండాలి. తేలే ఐస్ అయితే అడుగున నీళ్లు 4 డిగ్రీల దాకా ఉండొచ్చు, ఎందుకంటే 4 దగ్గరే నీళ్లు అన్నిటికంటే బరువు. ఉప్పు తగిలిన ఐస్ వద్దు, చేపల మార్కెట్ నుంచి తేవొద్దు. ప్రోబు వైర్లు విప్పకుండా అలాగే తెచ్చి మధ్యలో ముంచు, పది నిమిషాలు ఆగు, ప్యానెల్ మీద ఎంతో రాసుకో. రెండింటికీ.

తర్వాత ప్రోబు హెడ్ దగ్గర వైర్లు విప్పి మల్టీమీటర్‌తో ఓములు చూడు. 100 ఉంటే సెన్సర్ మంచిది. అదే కొలత ప్యానెల్ వైపు నుంచి చూస్తే ఎంత ఎక్కువ వస్తే అంతా కేబుల్‌ది. మల్టీమీటర్ లీడ్లు రెండూ కలిపి ముందు సున్నా చూసుకో, వాటికే 0.2 ఓము ఉంటుంది, అదే అర డిగ్రీ.

#32 ఆర్టీడీ_రాజు
ఐస్ మాత్రమే కాదు, కాగే నీళ్లల్ల కూడ పెట్టి చూడాలె కదా అక్కా, 100 దగ్గర.

#33 క్యాలిబ్రేషన్_అక్క
హైదరాబాద్‌లో నీళ్లు 100 దగ్గర కాగుతాయని ఎవరు చెప్పారు రాజూ 😀 మనం సముద్రం కంటే సుమారు 540 మీటర్లు పైన ఉన్నాం. ఇక్కడ 98 చిల్లరకే కాగుతాయి. మదనపల్లెలో ఇంకా తక్కువ, 97.7 దగ్గర. ఒక మందుల ఫ్యాక్టరీ నుంచి ఒకాయన "మా సెన్సర్లు పన్నెండూ ఒకేలా 1.8 తక్కువ చూపిస్తున్నాయి, లాట్ మొత్తం వెనక్కి పంపుతాం" అని వచ్చాడు. పన్నెండూ బంగారంలా ఉన్నాయి. కిందికి దిగి సముద్రం ఒడ్డున కొలుచుకోమన్నాను.

#34 విశాఖ_లూప్‌చెక్
మా ఊరు రమ్మనండి, 100 గ్యారంటీ. బీచ్ కూడా ఫ్రీ.

#35 బెల్లం_చిన్నోడు_అనకాపల్లి
మీ సెన్సర్ల గొడవంతా చదివా. మా తాత పాకం ఉడికిందో లేదో చూడాలంటే చుక్క తీసి చల్లటి నీళ్లలో వేసి వేళ్లతో నలుపుతాడు. 3-వైరూ లేదు 2-వైరూ లేదు.

#36 ఆర్టీడీ_రాజు
ఐదు వేళ్లు కదా, మీ తాతది 5-వైర్.

#37 పాలకేంద్రం_సీను
నవ్వులకేం గానీ, పాకం గడ్డకడితే చూసుకోవచ్చు. పాలల్లో క్రిమి చచ్చిందో లేదో వేళ్లకు తెలియదు. ఇంకో సంగతి, పల్పుబాబు గారూ, ప్రోబు ఎంత త్వరగా స్పందిస్తుందో కూడా చూడండి. మెడలో పల్ప్ గడ్డకట్టి ఉంటే లోపల వేడి పడిపోయినా ప్రోబుకు నిమిషం తర్వాత తెలుస్తుంది. మాకు హోల్డింగే 15 సెకన్లు. నిమిషం ఆలస్యమైతే ఈలోగా ఎన్ని వందల లీటర్లు చల్లటి పాలు ముందుకు పోతాయో లెక్కేసుకోండి. తప్పు అంకె కంటే ఆలస్యపు అంకె నాకు ఎక్కువ భయం.

#38 జుబైల్_బావ
థర్మోవెల్ పెడితే ఇంకా ఆలస్యం. అలాగని కొందరు గోడ మందం తగ్గించి సన్నగా చేయిస్తారు, అదీ ప్రమాదమే. ప్రవాహంలో కర్రలాగ నిలబెట్టినది వెనకాల సుళ్లు లేపుతుంది, ఆ సుళ్ల ఊపు వెల్ సొంత ఊపుతో కలిస్తే ఊగి ఊగి విరుగుతుంది. జపాన్‌లో మోంజు అణు రియాక్టర్ 1995 డిసెంబర్ 8న ఆగిపోయింది దీనివల్లే. సోడియం పైపులో థర్మోవెల్ విరిగి, ఆ సందులోంచి సుమారు 640 కిలోల సోడియం కారి మంటలు లేచాయి. టెంపరేచర్ కొలిచే కాడే పైపుకు బొక్క పెట్టింది. ఇప్పుడు మేం వెల్ ఆర్డరు ఇస్తే ముందు ఊపు లెక్క కాగితం చూపించమంటాం.

#39 పీఎల్సీ_మావయ్య
మామిడి పల్ప్ గంటకు 5 టన్నులు, సుళ్లే ఉండవని ఇప్పుడే స్టీమ్‌టేబుల్ గారు చెప్పారు. పల్పుబాబుని భయపెట్టకు బావా.

#40 జుబైల్_బావ
ఆయనకు కాదు, వేగంగా పోయే స్టీమ్ లైన్ల వాళ్లకు చెప్పా.

#41 పల్పుబాబు_చిత్తూరు
మేనేజర్ ఇవాళ ఇన్‌ఫ్రారెడ్ గన్ కొనుక్కొచ్చినాడు, తుపాకీ లాంటిది. పైపు మీద గురిపెట్టి నొక్కితే 58 అని వచ్చింది. "చూడు, ఇది 58 అంటోంది, మీ రెండూ తప్పే" అంటాడు. ఏడవాల్నా నవ్వాల్నా?

#42 స్టీమ్‌టేబుల్
మెరిసే స్టీలు అద్దం లాంటిది. గన్‌కి కనపడేది పైపు వేడి కాదు, పైపులో కనిపించే షెడ్డు గోడల వేడి. నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క పైపుకి అతికించి, టేపు వేడెక్కాక దాని మీద గురిపెట్టమనండి. అప్పుడు గోడ వేడి దాదాపు సరిగ్గా వస్తుంది. అయినా అది గోడ వేడే, పల్ప్ వేడి కాదు.

#43 ఆర్టీడీ_రాజు
మస్తు టేపు పెట్టుమను, లేకుంటే రేపు మీ మేనేజర్ నీ నుదుటి మీద గురిపెడ్తడు.

#44 పల్పుబాబు_చిత్తూరు
రాత్రి సీఐపీ టైములో చేసినా. వరసగా చెబుతా.

ఐస్‌లో టీటీ-1 ప్యానెల్ మీద 2.4. టీటీ-2 కు 0.1.

టీటీ-1 ప్రోబు హెడ్ దగ్గర ఓములు 100.0. ప్యానెల్ దగ్గర 100.9. ప్యానెల్ తెరిచి చూస్తే రాజన్న చెప్పినట్టే 2-కోర్ కేబుల్, కార్డు టెర్మినల్ మీద అంగుళం పొడవు జంపర్. ఫెరూల్ (వైరు నంబరు తొడుగు) మీద మాత్రం చక్కగా మూడు నంబర్లు తగిలించినాడు మహానుభావుడు.

టీటీ-2 మూత విప్పితే టీ మెడ నిండా గోధుమరంగు ముద్ద. సీఐపీ నీళ్లు కూడా అక్కడికి పోవడం లేదు. వాసన చెప్పను, తినేవాళ్లుంటారు.

మెడ కడిగి, ఇంకో మంచి ప్రోబు బెండు దగ్గరున్న శాంపిల్ పోర్టులోంచి 70 మి.మీ. లోపలికి దించి, పల్ప్ నడుస్తుండగా పక్కపక్కనే చూసినా. అది 92.2 అంటే టీటీ-2 91.3. కడిగినా ఇంకా 0.9 తక్కువే.

#45 స్టీమ్‌టేబుల్
ఆ 0.9 కాడ పొట్టిదైనందుకు. ముద్ద తీస్తే తగ్గింది కొంచెమే, కానీ స్పందన త్వరగా అయ్యుండాలి.

#46 పల్పుబాబు_చిత్తూరు
అయ్యింది సార్. ముందు స్టీమ్ వాల్వ్ కదిలిస్తే టీటీ-2 చాలాసేపు నిద్రపోయేది. ఇప్పుడు వెంటనే లేస్తోంది.

#47 క్యాలిబ్రేషన్_అక్క
సెట్ పాయింట్ 97 పెట్టి నడిపిన రోజుల్లో అసలు పల్ప్ 94.6 దగ్గర ఉంది, భయం లేదు. 95 పెట్టి నడిపిన రోజుల సరుకేంటి?

#48 పల్పుబాబు_చిత్తూరు
అప్పుడు టీటీ-2 91 దగ్గర ఆగి వాల్వ్ తిరిగేసింది కదక్కా, అది ముందుకే పోలేదు. అదే నేను మేనేజర్‌కు చెప్పినా. మీరు తిట్టుకున్న ఆ పాత మీటరే ఇన్ని రోజులూ కాపాడింది, దానికే మనం 4 కలపబోయినాం అని. లాగ్ షీట్లు తీసి క్వాలిటీ వాళ్లకు ఇచ్చినా, వాళ్లు డ్రమ్ము నంబర్లు చూసుకుంటున్నారు.

#49 పీఎల్సీ_మావయ్య
నువ్వు నా #2 విననందుకు నీకు ఒక బుట్ట కాయలు బాకీ. నీ దగ్గర కొనే పంపిస్తా.

#50 పాలకేంద్రం_సీను
3-కోర్ కేబుల్ దొరికిందా? షీల్డ్ (వైర్ల చుట్టూ లోహపు తొడుగు) ఉన్నది తీసుకోండి, షీల్డ్‌ని ప్యానెల్ వైపు ఒక్క చివరే ఎర్త్ చెయ్యండి. మోటారు డ్రైవ్ కేబుల్ పక్కన లాగొద్దు, అంకెలు గంతులేస్తాయి.

#51 పల్పుబాబు_చిత్తూరు
తిరుపతి నుంచి తెప్పిస్తున్నాం, రేపు సాయంత్రానికి వస్తుంది. అంతవరకూ సెట్ పాయింట్ 97 లోనే ఉంచి, పక్కన కాగితం అంటించినా, "టీటీ-1 2.4 ఎక్కువ చూపును" అని. పీఎల్‌సీలో ఏమీ ముట్టుకోలేదు. బెండు దగ్గర కొత్త పోర్టు వెల్డింగ్ మాత్రం సీజన్ అయ్యాకే అన్నాడు మేనేజర్. అది నాకూ సరే అనిపించింది. లోపల వెల్డింగ్ నున్నగా రాకపోతే మళ్లీ అక్కడే ముద్ద కడుతుంది.

#52 జుబైల్_బావ
పోర్టు చేయించేటప్పుడు కొలతలు నాకు పెట్టు, చూసి చెప్తా. ప్రోబు కొన బెండు దాటి నేరు పైపులోకి రావాలి, అది మరిచిపోవద్దు.

#53 కొత్త_ట్రైనీ_2
నేను ఇవాళ మా కాలేజీ ల్యాబ్‌లో పీటీ100 తీసి ఐస్‌లో పెట్టా. 3.1 వచ్చింది. సార్‌కి చూపిస్తే "ముట్టుకోకు, ఎన్నో ఏళ్ల నుంచి అలాగే ఉంది" అన్నారు.

#54 ఆర్టీడీ_రాజు
వెనకకు తిప్పి వైర్లు లెక్కపెట్టు తమ్మీ.

#55 కొత్త_ట్రైనీ_2
రెండు 😐

#56 ట్యాంకర్_నాగులు
ఓనరుకి #17 చదివి వినిపించా. 15 డిగ్రీల లెక్క బంకాయనకు ముందే తెలుసంట. మరి ఇన్నాళ్లూ నన్నెందుకు తిట్టారు అంటే, నవ్వి టీ చెప్పాడు.